లింకన్ తండ్రి – రిజిస్టరు పలికిన సాక్ష్యము

మన డయోసిస్ నూరేండ్ల పండుగ సందర్భముగా వెలువడుతున్న ఈ జ్ఞాపక సంచికలో మన మిషనరీలను గూర్చియు, బిషప్పులను గూర్చియు, తొలి విశ్వాసులను గూర్చియు పెద్దలు వ్రాస్తున్నారు. మమ్మును కూడ ఒక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, మేము ఎన్నో దినములుగా మనస్సులో మోస్తున్న ఒక బాకీ తీర్చుకొనుటకు ఇదే తగిన సమయమని తోచింది. అందుచేత అమెరికా దేశపు అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వంశమును గూర్చి, విశేషముగా ఆయన తండ్రియైన థామస్ లింకన్ అను పల్లెటూరి వడ్రంగిని గూర్చి వ్రాయబూనుకున్నాము. నూరేండ్ల పండుగకు ఆయనకు ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. చివర వరకు ఓపికతో చదివితే ఆ సంబంధము తేటపడుతుందని మా నమ్మకము.

మా బాకీ ఏమనగా, మేము వేదాంత కళాశాల విడిచి వచ్చిన కొత్తలో సండే స్కూలు పిల్లలకు, యౌవనస్థుల కూటములలో లింకన్ కథను చాలాసార్లు చెప్పాము. కర్రల గుడిసెలో పుట్టాడు, పొయ్యి వెలుగులో చదువుకున్నాడు, బానిసలను విడిపించాడు అని చెప్పి, ఆ కథకు రంగు ఎక్కించుటకు ఆయన తండ్రిని సోమరిగా, ఊరూరా తిరిగే నిలకడలేనివాడుగా, కొడుకు చేతిలో పుస్తకము చూస్తే ఓర్వలేనివాడుగా చిత్రించాము. పాత పుస్తకములలో అట్లే ఉన్నది గనుక మేము సంకోచపడలేదు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక వృద్ధ రైతు మమ్మును ప్రక్కకు పిలిచాడు. తాను ఒక్క అక్షరము నేర్వకపోయినా, ఉన్న ఎకరమున్నర అమ్మి కొడుకును చదివించినవాడు. ఆ తండ్రి సంగతి మీకు ఎవరు చెప్పారు అయ్యగారూ, ఆయన తరఫున ఎవరైనా మాట్లాడారా అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. నాటి నుండి ఆ జవాబు కొరకు వెదకి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసము.

వంశము

లింకన్ వంశపు వేరు ఇంగ్లండు దేశములో, నార్ఫోక్ ప్రాంతములో ఉన్నది. స్వాంటన్ మోర్లే అనే గ్రామములో రిచర్డ్ లింకన్ అనే భూస్వామి చర్చి వార్డెనుగా ఉండేవాడు. ఆయన నాలుగు పెండ్లిండ్లు చేసుకొని, 1620లో చనిపోవునప్పుడు ఆస్తిని నాలుగవ భార్య పిల్లలకు వ్రాశాడు. పెద్ద భార్య కుమారుడైన ఎడ్వర్డ్‌కు దక్కవలసినది దక్కలేదు. ఆ ఎడ్వర్డ్ కుమారుడు సామ్యూల్‌కు 1622 ఆగస్టు 24న హింగాం గ్రామములోని పరిశుద్ధ అంద్రెయ దేవాలయములో బాప్తిస్మము ఇచ్చినట్లు ఆ సంఘపు రిజిస్టరులో ఉన్నది. ఇంగ్లండులో ప్రతి సంఘము బాప్తిస్మములను, వివాహములను, సమాధి కార్యములను రిజిస్టరులో వ్రాయవలెనని 1538లో ఉత్తరువు అయింది. ఆ ఉత్తరువు లేకపోయినట్లయితే సామ్యూల్ ఎవరి కుమారుడో నేడు తెలిసి ఉండేది కాదు.

సామ్యూల్ నేతపని నేర్చుకొనుచు, 1637లో తన యజమానితో ఓడ ఎక్కి అమెరికాలోని మసాచుసెట్స్ చేరాడు. అక్కడ తన ఊరివారే కట్టుకొన్న మరియొక హింగాం గ్రామములో స్థిరపడ్డాడు. ఆయన కుమారుడు మొర్దెకై. అతని కుమారుడు మరల మొర్దెకై. ఈ రెండవ మొర్దెకై మసాచుసెట్స్ విడిచి న్యూజెర్సీకి, అక్కడ నుండి పెన్సిల్వేనియాకు వెళ్లి, 1736లో చనిపోయాడు. అతని కుమారుడు జాన్ 1768లో వర్జీనియాలోని రాకింగ్‌హాం కౌంటీకి (కౌంటీ అనగా మన జిల్లా వంటిది) కుటుంబముతో తరలి వెళ్లాడు. జాన్ కుమారుడు అబ్రహాం, సైన్యములో కెప్టెను అనిపించుకొన్నవాడు, 1782 ప్రాంతములో కొండలు దాటి కెంటకీ అడవులలో అడుగుపెట్టాడు. ఈ కెప్టెన్ అబ్రహాం కుమారుడే థామస్. థామస్ కుమారుడు అధ్యక్షుడు. సామ్యూల్ మొదలుకొని లెక్కిస్తే ఏడవ తరము.

పేర్లు చూడండి: సామ్యూల్, మొర్దెకై, జాన్, అబ్రహాం, థామస్. భూమి కొరకు తరతరములు పడమటి దిక్కుగా నడిచిన ఈ రైతులు మారని ఆస్తిగా తమతో మోసుకొని పోయినది బైబిలులోని పేర్లనే.

తండ్రి లేని పిల్లవాడు

థామస్ 1778 జనవరి 6న వర్జీనియాలో పుట్టాడు. 1786లో, ఆయనకు ఎనిమిదేండ్ల వయస్సున, తండ్రి కెంటకీలో పొలము పని చేయుచుండగా ఒక రెడ్ ఇండియన్ తుపాకితో కాల్చి చంపాడు. తరతరములుగా తమదైన నేలను తెల్లవారు ఆక్రమించుకొనుచుండగా ఆ దేశపు ఆదివాసులు చేసిన పోరాటములో అది ఒక భాగము. ఇరు పక్షముల రక్తము ఆ నేలలో ఇంకింది. పెద్ద కొడుకు మొర్దెకై ఇంటిలోనికి పరుగెత్తాడు. రెండవవాడు జోసయా సహాయము కొరకు కోటకు పరుగెత్తాడు. చిన్నవాడు థామస్ తండ్రి శవము దగ్గరనే నిలిచిపోయాడు. అతనిని పట్టుకొనుటకు శత్రువు వంగినప్పుడు మొర్దెకై ఇంటిలో నుండి గురిచూచి కాల్చి తమ్ముని కాపాడాడు. థామస్ తన జీవితాంతము ఈ కథను పిల్లలకు చెప్పేవాడు. అధ్యక్షుడైన కుమారుడు కూడ దానిని మరువలేదు.

తండ్రితోపాటు థామస్ మరియొకటి పోగొట్టుకున్నాడు. అప్పటికి కెంటకీ వర్జీనియాలో భాగము. అక్కడి చట్టము ప్రకారము వీలునామా లేక చనిపోయిన తండ్రి భూములన్నియు పెద్ద కొడుకుకే చెందుతాయి. కెప్టెన్ అబ్రహాం వేల ఎకరములు సంపాదించినా, మొర్దెకై ధనవంతుడయ్యాడు, థామస్ కూలివాడయ్యాడు. నార్ఫోక్‌లో ఎడ్వర్డ్‌కు జరిగినదే నూట అరవై ఆరేండ్ల తరువాత మరల జరిగింది. థామస్ బడి ముఖము చూడలేదు. ఊరూరా పనికి తిరిగి, వడ్రంగము నేర్చుకొని, పెద్దవాడైన తరువాత తన పేరు మాత్రము కష్టముతో వ్రాయగలిగేవాడు. ఊరూరా తిరిగాడని ఆయనను నిందించిన మేము, పదేండ్లు నిండని పిల్లవాని చేతికి ఆ తిరుగుడు ఎవరు ఇచ్చారో ఆలోచించలేదు.

అయినను 1803లో, ఇరువదియైదేండ్ల వయస్సున, హార్డిన్ కౌంటీలో 238 ఎకరముల పొలమును 118 పౌనులకు కొన్నాడు. తండ్రి ఆస్తిలో పాలు దక్కని కూలిపిల్లవాడు స్వశక్తితో కొన్న భూమి అది.

వివాహము, భూమి దావాలు

1806 జూన్ 12న థామస్ లింకన్‌కు నాన్సీ హాంక్స్‌తో వాషింగ్టన్ కౌంటీలో వివాహము జరిగింది. మెథడిస్టు బోధకుడు జెస్సీ హెడ్ గారు వివాహము జరిపించారు. రెండు దినములు ముందుగా, జూన్ 10న, అక్కడి ఆచారము చొప్పున 50 పౌనులకు పూచీపత్రము వ్రాయబడింది. అందులో వరుడు థామస్, వధువు తరఫున సంరక్షకుడుగా రిచర్డ్ బెర్రీ సంతకములు చేశారు. ఈ కాగితమును చదువరులు గుర్తుంచుకోవలెను. తరువాత దీనితో మనకు పని ఉన్నది.

1807లో సారా, 1809 ఫిబ్రవరి 12న అబ్రహాం పుట్టారు. తరువాత పుట్టిన మగబిడ్డ పసితనములోనే చనిపోయాడు. థామస్ ఎలిజబెత్‌టౌనులో కాపురము పెట్టి, తరువాత సింకింగ్ స్ప్రింగ్ అనే చోట 300 ఎకరములు కొన్నాడు. అబ్రహాం అక్కడనే పుట్టాడు. అటు తరువాత నాబ్ క్రీక్ అనే చోటికి మారారు. ఇన్ని పొలములు ఎందుకు మారవలసి వచ్చింది? సోమరితనము వలన కాదు. కెంటకీలో భూములకు సర్కారు సర్వే లేదు. చెట్టుకు గాటు పెట్టి, వాగును, రాయిని గుర్తు చెప్పి హద్దులు వ్రాసుకొనేవారు. ఒకే భూమికి ఇద్దరు ముగ్గురు పట్టాదారులు తేలేవారు. థామస్ 238 ఎకరములని కొన్న మొదటి పొలము అమ్మునాటికి 200 ఎకరములుగానే తేలింది. రెండవ పొలము పాత బాకీల తగాదాలో పోయింది. మూడవ దానిమీద ఎక్కడో దూరపట్టణములో ఉన్న వారసులు వచ్చి ఖాళీ చేయుమని దావా వేశారు. మన పల్లెలలో హద్దు రాయి కొరకు కోర్టుల చుట్టు తిరిగి అరిగిపోయిన కుటుంబములను ఎరిగినవారికి ఈ బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి తోడు బానిసత్వపు ప్రశ్న ఉన్నది. ఆ ప్రాంతపు బాప్తిస్టు సంఘములు ఈ ప్రశ్నమీదనే చీలిపోయాయి. థామస్, నాన్సీ చేరిన లిటిల్ మౌంట్ సంఘము బానిసత్వమును ఒప్పుకొననిది. బానిసల చేత ఊరక పని చేయించుకొనే చోట స్వతంత్రుడైన వడ్రంగికి కూలి గిట్టదు అనే సంగతి కూడ ఉన్నది. తన తండ్రి కెంటకీ విడిచిపెట్టుట కొంత బానిసత్వము వలనను, ముఖ్యముగా భూమి పట్టాల చిక్కుల వలనను జరిగిందని కుమారుడే 1860లో వ్రాశాడు. బానిసలను విడిపించిన అధ్యక్షుని కథ ఆయన చదివిన పుస్తకములతోనే మొదలు కాలేదు. ఆయన మాటలు నేర్చే వయస్సులో, చదువురాని తలిదండ్రులు కూర్చుండిన ఒక చిన్న సంఘములో ఆ ప్రశ్న ఆయన చెవిని పడింది.

ఇండియానా అడవిలో

1816 డిసెంబరులో కుటుంబము ఒహాయో నది దాటి ఇండియానాలో లిటిల్ పిజియన్ క్రీక్ దగ్గర అడవిలో దిగింది. ఆ నెలలోనే ఇండియానా బానిసత్వము లేని రాష్ట్రముగా యూనియనులో చేరింది. అక్కడ భూమిని సర్కారు వారే గళ్లుగా కొలిచి అమ్మేవారు గనుక పట్టా తగాదా లేదు. 1827లో థామస్‌కు 80 ఎకరములకు సర్కారు పట్టా దక్కింది.

కాని దానికంటె ముందే మరణము ఆ ఇంటికి వచ్చింది. 1818లో ఆ ప్రాంతములో పాల జబ్బు వ్యాపించింది. అడవిలో తెల్లపూల విషపు మొక్క ఒకటి ఉన్నది. దానిని మేసిన ఆవుల పాలు త్రాగినవారు వణకు, వాంతులు పట్టి కొద్ది దినములలో చనిపోయేవారు. కారణము ఎవరికిని తెలియదు. నాన్సీని పెంచిన స్పారో దంపతులు చనిపోయారు. అక్టోబరు 5న నాన్సీ కూడ కన్నుమూసింది. ఆమెకు సుమారు ముప్పది నాలుగేండ్లు, అబ్రహాంకు తొమ్మిది. థామస్ తన చేతులతో పలకలు కోసి భార్యకు పెట్టె చేశాడు. ఆ పలకలకు కొయ్య మేకులు చెక్కి ఇచ్చినవాడు తొమ్మిదేండ్ల అబ్రహాం అని ఆ ప్రాంతమువారు చెప్పుకుంటారు.

మరుసటి సంవత్సరము డిసెంబరు 2న థామస్ కెంటకీ వెళ్లి సారా బుష్ జాన్‌స్టన్ అనే విధవరాలిని వివాహము చేసుకొని తెచ్చాడు. ఆమెకు ముగ్గురు పిల్లలు. సవతి తల్లి అనగానే మన కథలలో ఒక రూపము ఉన్నది. ఈ ఇంటిలో అది తారుమారయింది. ఆమె అయిదుగురు పిల్లలను ఒక్క కడుపున పుట్టినవారివలె పెంచింది. అబ్రహాం చదువుకు అడ్డు తగలనివ్వలేదు. థామస్ కొన్నిసార్లు పుస్తకము విడిచి పనికి రమ్మని కసిరినది నిజమే. కొడుకును ఇతరుల పొలములకు కూలికి పంపి ఆ కూలి డబ్బు తానే తీసుకొన్నదియు నిజమే. ఇరువదియొక్క ఏండ్లు నిండువరకు కొడుకు కూలి తండ్రిదని నాటి చట్టము, నాటి వాడుక. అయినను వీలు కుదిరినప్పుడెల్ల అతనిని బడికి పంపినదియు ఆ తండ్రియే. ఆ బడులు కొన్ని వారములు జరిగి మూతబడేవి. మొత్తము కలిపితే ఒక సంవత్సరము కాలేదు.

థామస్ ఆ ఊరి లిటిల్ పిజియన్ బాప్తిస్టు సంఘమునకు దేవాలయము కట్టుటలో పాలుపొందాడు. 1823 జూన్ 7న ఆయన పాత సంఘపు ఉత్తరము మీదను, ఆయన భార్య తన విశ్వాస సాక్ష్యము మీదను సభ్యులుగా చేర్చుకొనబడినట్లు ఆ సంఘపు మినిట్స్ పుస్తకములో ఉన్నది. అబ్రహాం మాత్రము ఆ సంఘములో గాని, తరువాత మరి ఏ సంఘములో గాని సభ్యుడుగా చేరలేదు. ఇది దాచనక్కరలేని సంగతి.

తండ్రి కొడుకుల మధ్య దూరము

1830లో కుటుంబము ఇల్లినాయ్ రాష్ట్రమునకు తరలింది. మరుసటి ఏట అబ్రహాం తన దారి తాను చూచుకున్నాడు. వకీలై, శాసనసభ్యుడై, పట్టణపు పెద్ద కుటుంబములో పెండ్లి చేసుకున్నాడు. తండ్రి కోల్స్ కౌంటీలో గూస్‌నెస్ట్ అనే చోట చిన్న రైతుగానే ఉండిపోయాడు. కొడుకు బొత్తిగా విడిచిపెట్టలేదు. 1841లో 200 డాలర్లిచ్చి తండ్రి పొలములో 40 ఎకరములు తన పేర కొని, తలిదండ్రులు బ్రతికినంతకాలము అనుభవించునట్లు వ్రాశాడు. 1849లో తండ్రికి జబ్బని తెలిసి వెళ్లి చూచాడు. కాని మనస్సు కలియలేదు. తండ్రిని తన పట్టణపు ఇంటికి తెచ్చి పిల్లలను చూపించినట్లు ఎక్కడను కనబడదు.

1851 జనవరిలో థామస్ మరణపడకమీద ఉన్నాడని సవతి తమ్ముడు ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాశాడు. జనవరి 12న అబ్రహాం జవాబు వ్రాశాడు. తన భార్య అస్వస్థతగా ఉన్నందున రాలేనని, ఇప్పుడు కలిసికొన్నను ఇద్దరికి సంతోషముకంటె బాధయే ఎక్కువేమోనని, కరుణగల సృష్టికర్త తండ్రిని విడిచిపెట్టడని, ఆయననే నమ్ముకొనుమని తండ్రితో చెప్పుమని అందులోని భావము. జనవరి 17న థామస్ చనిపోయాడు. కొడుకు సమాధి కార్యమునకు వెళ్లలేదు.

ఈ భాగము వ్రాయుచుండగా మా కలము ఆగింది. ఇంత గొప్ప హృదయము గల మనుష్యుడు, శత్రువులను కూడ క్షమించగలిగినవాడు, కన్నతండ్రి విషయములో ఎందుకు అట్లు చేశాడు? మేము తీర్పు చెప్పుటకు చాలము. పాస్టర్లుగా మేము మరణపడకల దగ్గర ఎన్నో రాత్రులు కూర్చున్నాము. పట్టణములో ఉద్యోగము చేసే కొడుకు కొరకు వాకిలి వైపు చూచే కన్నులను చూచాము. ఆలస్యముగా వచ్చి సమాధి దగ్గర నిలిచి ఏడ్చిన కొడుకులను కూడ చూచాము. లింకన్ కూడ ఆలస్యముగానే వచ్చాడు. 1851లోనే ఆయన తన తండ్రి ఇంటి బైబిలులో కుటుంబపు పుట్టుకలను, వివాహములను, మరణములను తన చేతితో వ్రాశాడు. 1853లో పుట్టిన నాలుగవ కుమారునికి థామస్ అని పేరు పెట్టాడు. 1861 జనవరి ఆఖరున, అధ్యక్ష పదవికి వెళ్లుటకు ముందు, కోల్స్ కౌంటీకి వెళ్లి వృద్ధురాలైన సవతి తల్లిని కౌగిలించుకొని, తండ్రి సమాధి దగ్గర నిలిచాడు. మరల తనను చూడనేమోనని ఆ తల్లి భయపడింది. ఆ భయమే నిజమైంది. 1865 ఏప్రిల్ 14, శుభ శుక్రవారపు రాత్రి, ఆయన తుపాకి గుండుకు గురియై మరునాటి ఉదయము మరణించాడు.

నింద, సాక్ష్యము

లింకన్ తన వంశమును గూర్చి తెలుసుకొనవలెనని కోరినవాడే. 1848లో కాంగ్రెసు సభ్యుడుగా ఉన్నప్పుడు మసాచుసెట్స్ హింగాంలోని సాలమన్ లింకన్ అనే ఆయనకును, వర్జీనియాలోని బంధువులకును ఉత్తరములు వ్రాశాడు. తాతకు వెనుక నిశ్చయముగా ఏమియు ఆయనకు తెలియదు. న్యూ ఇంగ్లండు లింకన్లకు, తమకు ఏనోక్, లేవి, మొర్దెకై, సాలమన్, అబ్రహాం అనే పేర్ల పోలిక తప్ప వేరు ఆధారము దొరకలేదని 1859లో వ్రాసుకున్నాడు. ఆయన వెదకినది ఆయన మరణించిన తరువాత దొరికింది. పాత వీలునామాలు, భూమి అమ్మకపు దస్తావేజులు ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూచినవారు పెన్సిల్వేనియా మొర్దెకైకి, వర్జీనియా జాన్‌కు గల సంబంధమును స్థిరపరచారు. 1923లో వాల్డో లింకన్ అనే ఆయన ఈ వంశ చరిత్రను పెద్ద గ్రంథముగా వెలువరించాడు.

కాని ఈలోగా నింద బలిసింది. లింకన్‌తో కలిసి వకీలు వృత్తి చేసిన విలియం హెర్న్‌డన్, అధ్యక్షుడు చనిపోయిన తరువాత ముసలివారిని కలిసికొని వారి జ్ఞాపకములు సేకరించి, 1889లో జీవితచరిత్ర ప్రకటించాడు. ఆ సేకరణలో విలువైనవి చాలా ఉన్నాయి. అయితే కొడుకు ఎత్తును చూపించుటకు తండ్రిని పల్లములో నిలువబెట్టుట అక్కడనే స్థిరపడింది. మరికొందరు ఇంకను దిగజారి, థామస్‌కు, నాన్సీకి అసలు వివాహమే జరుగలేదని ప్రచారము చేశారు. దానికి వారు చూపిన కారణము ఒక్కటే. వారు కాపురమున్న హార్డిన్ కౌంటీ కోర్టులో వెదకితే వివాహపు కాగితము కనబడలేదు!

కాగితము లేక కాదు, వెదకిన చోటు తప్పు. 1878లో ప్రక్కనున్న వాషింగ్టన్ కౌంటీ కోర్టు గుమాస్తా బుకర్ అనే ఆయన పాత కట్టలు విప్పి చూడగా, 1806 నాటి పూచీపత్రము థామస్ సంతకముతో దొరికింది. జెస్సీ హెడ్ గారు తాము జరిపించిన వివాహముల పట్టీని కోర్టుకు పంపిన కాగితము కూడ దొరికింది. అందులో ఇతరుల పేర్లతోపాటు థామస్ లింకన్, నాన్సీ హాంక్స్ పేర్లు, తేదీ ఉన్నాయి. ఆ బోధకునికి తాను వివాహము చేయుచున్న వడ్రంగి కడుపున ఒక అధ్యక్షుడు పుట్టునని తెలియదు. తన పని తాను నమ్మకముగా చేసి, పట్టీ వ్రాసి పంపారు. డెబ్బది రెండేండ్ల తరువాత ఆ ఒక్క వరుస ఒక తల్లి మానమును కాపాడింది.

థామస్ పేరును పూర్తిగా నిలబెట్టినవారు మరియొక పాస్టరుగారు. లూయీ వారెన్ గారు కెంటకీలో సంఘసేవ చేయుచు, లింకన్ పుట్టిన ప్రాంతములోనే కాపురముండి, కౌంటీ కోర్టుల పాత పుస్తకములను పుట పుటకు చదివారు. 1926లో లింకన్ తలిదండ్రులను, బాల్యమును గూర్చి గ్రంథము వెలువరించారు. ముసలివారి జ్ఞాపకములను ప్రక్కనపెట్టి ఆయన కాగితములనే అడిగారు. అవి ఏమి చెప్పాయి? థామస్ భూములకు, గుర్రములకు పన్ను కట్టాడు. జూరీలో కూర్చున్నాడు. సైనిక దళములో పని చేశాడు. రస్తా బాగుచేయించుటకు కోర్టువారు ఆయనను నియమించారు. దుకాణములలో అప్పు తీర్చాడు. ఆయన చేసిన మూల బీరువాలు కొన్ని నేటికిని మ్యూజియములలో నిలిచి ఉన్నాయి. సోమరి చేతులు అట్టి పని చేయవు. ఆయన ధనవంతుడు కాడు, పండితుడు కాడు. ఊరిలో పరువుగా బ్రతికిన పనివాడు.

నాన్సీ తల్లి ఎవరనే వాదము మాత్రము ఇంకను చాలాకాలము నడిచింది. 2015లో ప్రకటింపబడిన పరీక్షలో, తల్లి నుండి బిడ్డకు మాత్రమే సంక్రమించే డి.ఎన్.ఎ.ను హాంక్స్ కుటుంబపు ఆడ సంతతివారిలో పోల్చి చూచారు. ఆమె లూసీ హాంక్స్ కుమార్తె అనే పాత మాట దానివలన బలపడింది. లూసీకి పెండ్లి కాకముందే నాన్సీ పుట్టిందని పలువురు చరిత్రకారులు అంటారు. అది నిజమైతే ఏమి? మత్తయి సువార్త మొదటి అధ్యాయము చదివినవారికి తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య జ్ఞాపకము రావలెను. దేవుడు వంశావళులను కడిగి అందముగా వ్రాయించలేదు, ఉన్నది ఉన్నట్లు వ్రాయించాడు. వంశము ఘనతకు గర్వపడరాదని, వంశము కొరతకు సిగ్గుపడరాదని ఆ అధ్యాయము మనకు నేర్పుతుంది.

మనకు వచ్చే సంగతి

ఇంతటి వంశము నేడు లేదు. లింకన్ నలుగురు కుమారులలో ముగ్గురు పెండ్లి ఈడుకు రాకముందే చనిపోయారు. పెద్ద కుమారుని ద్వారా నిలిచిన సంతతిలో ఆఖరి మునిమనుమడు 1985లో సంతానము లేక చనిపోయాడు. రక్తసంబంధము అంతటితో ఆగింది. పేరు మాత్రము కాగితములలో నిలిచింది. హింగాం దేవాలయములో 1919 నుండి లింకన్ ప్రతిమ ఉన్నది. అయితే ఆ ప్రతిమకంటె విలువైనది 1622 నాటి ఆ ఒక్క వరుస అని మేము అనుకుంటాము.

తెలుగు దేశమునకు ఈ కథతో చిన్న సంబంధము ఉన్నది. లింకన్ అధ్యక్షుడుగా ఉండగానే, 1864 నవంబరు ఆఖరున, అయోవా పల్లెలలో పెరిగిన జాన్ క్లౌ గారు బాస్టనులో ఓడ ఎక్కి మన ప్రాంతమునకు మిషనరీగా వచ్చారు. కెంటకీలో ఆ వివాహపు కాగితము బయటపడిన 1878లోనే, జూలై 3న, ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ ఒడ్డున 2222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందారు. ఆ తరమువారిలో అధిక సంఖ్యాకులకు పట్టా లేదు, బడి లేదు, ఊరి లెక్కలలో గౌరవముగా పేరు లేదు. మన డయోసిస్‌లో కూడ అనేక కుటుంబముల తాత ముత్తాతల పేరు మొట్టమొదట మర్యాదగా వ్రాయబడిన పుస్తకము సంఘపు బాప్తిస్మపు రిజిస్టరే. అది మన పట్టా. అది మన వంశావళి.

మేము ఒక పాస్టరేటుకు మారినప్పుడు పాత రిజిస్టరులు వెస్ట్రీ మూల చెక్క పెట్టెలో ఉన్నాయి. మూత తీయగా చెదలు సగము తినివేశాయి. ఆ వారములోనే ఒక తల్లి తన తండ్రి బాప్తిస్మపు సర్టిఫికెటు కొరకు వచ్చింది. ఆ సంవత్సరపు పుటలు పొడి అయిపోయాయి. ఆమె ఏమియు అనలేదు. పెట్టెలోనికి కొంతసేపు చూచి వెళ్లిపోయింది. మిగిలిన పుటలను మేము రాత్రులు కూర్చుండి కొత్త పుస్తకములోనికి ఎత్తి వ్రాశాము. పోయినవి పోయినవే.

కాబట్టి ప్రియ సంఘస్థులారా, ఈ నూరేండ్ల పండుగకు మా మనవి మూడు మాటలు. ప్రతి పాస్టరేటు తన పాత రిజిస్టరులను ఎండకు వేసి, తుడిచి, నకలు వ్రాయించి, ఫోటోలు తీయించి రెండు చోట్ల భద్రపరచవలెను. ప్రతి కుటుంబము ఇంటి బైబిలు మొదటి పుటలలో పుట్టుకలను, బాప్తిస్మములను, వివాహములను, మరణములను తేదీలతో వ్రాసి, బ్రతికియున్న ముసలివారిని అడిగి తాత ముత్తాతల ఊరు, పని, పేరు వ్రాసుకొనవలెను. మూడవది, తండ్రి బ్రతికి ఉన్నవారు ఈ పండుగకు ఊరికి వెళ్లి ఆయనను చూడవలెను. లింకన్ ఆ ఉత్తరము వ్రాసిన అయిదు దినములకే తండ్రి పోయాడని మరువకూడదు.

మాకు ప్రశ్న వేసిన ఆ వృద్ధ రైతు ఇప్పుడు ప్రభువునందు నిద్రించాడు. ఆయనకు మేము ఇవ్వవలసిన జవాబు ఆలస్యముగానైనను ఇక్కడ వ్రాశాము. ఆయన సమాధి కార్యమును మేమే జరిపించి, ఆ సాయంకాలమే రిజిస్టరులో ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి స్పష్టముగా వ్రాశాము. వృత్తి అనే గడిలో రైతు అని వ్రాసి, సిరా ఆరువరకు పుస్తకము మూయక అట్లే కూర్చున్నాము. జీవగ్రంథములో మన పేర్లు వ్రాసిన ప్రభువు, భూమిమీద మన పితరుల పేర్లను నమ్మకముగా కాపాడు కృపను మన డయోసిస్‌కు రాబోవు నూరేండ్లలో దయచేయును గాక. ఆమేన్.